పళ్లు చూసి ఎద్దును కొనేవాళ్లం.. కాగితం చూడకుండా ట్రాక్టరు కొంటామా?

ఎమ్మిగనూరు జాతరలో ఎడ్ల సంత చూసినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. కాడెడ్లు కొనడానికి వచ్చిన రైతు ముందు చుట్టూ తిరిగి సుడులు చూస్తాడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. గిట్ట తట్టి చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. అప్పటికీ మనసు కుదరకపోతే బండికి కట్టి తోలి చూస్తాడు. ఆ తర్వాతే తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం. పొద్దున మొదలైన బేరం పొద్దుగూకినా తెగదు. అదే రైతు ఫైనాన్స్ కంపెనీ యార్డుకు పోతే మూడు లక్షల ట్రాక్టరును పావుగంటలో పాడుకుని వచ్చేస్తున్నాడు. ఇంగ్లీషులో ఉన్న కాగితాల మీద ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేస్తున్నాడు.

మా బావమరిదే అట్లా చేశాడు. ఏళ్ల తరబడి వ్యవసాయ వార్తలు రాస్తున్న నేను పక్కనే ఉండి కూడా ఆపలేకపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

అతనికి సొంతం మూడెకరాలు, కౌలు ఐదెకరాలు. అంతా మెట్టే. పత్తి, వేరుశనగ వేస్తాడు. తొలకరి పడగానే అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. బాడుగ ట్రాక్టరు కోసం నాలుగు రోజులు ఎదురు చూసేసరికి పదును ఆరిపోతుంది. రెండు సార్లు అట్లా అదను పోగొట్టుకుని, 2024 మే నెలలో యార్డుకు పోయాడు. కంతులు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు పట్టుకొచ్చిన ట్రాక్టర్లకు అక్కడ వేలం. 'ఏం బావా, షోరూంలో ఏడెనిమిది లచ్చలు అంటాండారు. ఇది మూడు లచ్చల లోపలే వస్తాంది. ఇంకేం జూడాల?' అన్నాడు. నాకూ అది నిజమే కదా అనిపించింది.

2 లక్షల 90 వేలకు పాట అతని మీద నిలిచింది. అందులో 50 వేలు నగదుగా తీసుకుని దానికి రసీదు ఇవ్వలేదు. 'అది కాగితాల ఖర్చులోకి పోతుంది' అన్నారు. యార్డు చార్జీ 6,500. పాట ఇప్పించానని చెప్పుకున్న బ్రోకరుకు 10 వేలు. ఇంటికి తెచ్చాక క్లచ్, హైడ్రాలిక్ రిపేర్లకు 42 వేలు. అంతా కూడితే 3,48,500. ఇందులో లక్షా 60 వేలు మా చెల్లెమ్మ నగలు బ్యాంకులో పెట్టి తెచ్చినవి. మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఆర్సీ ఏదంటే 'పదిహేను రోజుల్లో వస్తుంది' అన్నారు. పదిహేను రోజులు పోయి నెలలయ్యాయి. యార్డులో ఉన్న మనిషి బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినవాడు హెడాఫీసును అడగమన్నాడు. హెడాఫీసు ఫోన్లో పాట వినిపించేది తప్ప మనిషి పలికేవాడు కాదు.

2025 జూలైలో, విత్తనం వేసే రోజున, చేలోకి పోలీసులు వచ్చారు. మన పోలీసులతోపాటు కర్ణాటక పోలీసులు. ట్రాక్టరు నంబరు కేఏ 36, అంటే రాయచూరు. దాని అసలు యజమాని అక్కడి కోర్టుకు పోయాడు. రాత్రిపూట మనుషులు వచ్చి, నోటీసు కూడా ఇవ్వకుండా తన చేలోంచి ట్రాక్టరు తోలుకుపోయారని అతని ఫిర్యాదు. ట్రాక్టరును వెతికి తెమ్మని కోర్టు ఆర్డరు ఇచ్చింది. మా వాడి చేతిలో ఉన్నది డెలివరీ చిట్టీ, 2 లక్షల 40 వేలకు రసీదు, అంతే. గొర్రు విప్పి చేలోనే పడేసి ట్రాక్టరును తీసుకుపోయారు.

కాగితం ఎవరి పేరు మీద ఉంది?

ఇప్పుడు తీరుబడిగా కూర్చుని చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తోంది. ఇంజను బాగానే ఉంది. ధర కూడా మరీ మోసం కాదు. మోసమంతా కాగితంలో ఉంది.

అప్పు మీద కొన్న బండికి ఆర్సీలో ఫైనాన్స్ ఇచ్చినవారి పేరు కూడా ఎక్కుతుంది. దీన్ని హైపోథికేషన్ అంటారు. ఆ అప్పు తీరనంత వరకు యజమాని ఒక్కడే దాన్ని అమ్మలేడు. అదే విధంగా ఫైనాన్స్ వాళ్లు కూడా బండిని పట్టుకొచ్చినంత మాత్రాన యజమానులైపోరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్‌లో ఇందుకు పద్ధతి రాసి ఉంది. కంతులు కట్టనందున బండిని స్వాధీనం చేసుకున్నామని ఫైనాన్స్ వాళ్లు ఫారం 36లో ఆర్టీవో ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆర్టీవో ఆఫీసు పాత యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, చెప్పుకునేది ఏమైనా ఉంటే చెప్పుకోమనాలి. ఆ తర్వాత ఫైనాన్స్ వాళ్ల పేరు మీద కొత్త ఆర్సీ ఇస్తారు. ఆ ఆర్సీ చేతిలో ఉన్నవాడు మీకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి అమ్మితే అది సక్రమమైన అమ్మకం.

ఇంకో దారి కూడా ఉంది. పాత యజమాని తనంతట తాను ఒప్పుకుని బండిని అప్పగిస్తే, అతనే 29, 30 ఫారాల మీద సంతకం పెడతాడు. ఫైనాన్స్ వాళ్లు అప్పు తీరిందని ఫారం 35, దానితోపాటు నిరభ్యంతర పత్రం ఇస్తారు. ఇదీ మంచిదే. ఈ రెండు దార్లలో ఏదీ లేకుండా 'ముందు బండి తీసుకుపో, కాగితం వెనకాల వస్తుంది' అన్నారంటే మీరు కొనేది ట్రాక్టరు కాదు, ఇంకొకరి తగాదా.

ఇక్కడ ఒక కిటుకు రైతులకు తెలియాలి. అప్పు ఇచ్చేటప్పుడే రైతు చేత ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. సీజ్ చేశాక ఆ ఖాళీలు నింపి 'ఇదిగో యజమాని సంతకం' అంటారు. పాత యజమాని కోర్టుకు పోతే ఆ సంతకం ఎప్పటిదన్న ప్రశ్న వస్తుంది. అందుకని ఫారం చూడగానే సంతోషపడకండి. దాని మీద తేదీ ఉందా, అమ్మకం ధర రాసి ఉందా, కొనేవారి పేరు దగ్గర మీ పేరే ఉందా అన్నది చూడండి. పాత యజమాని ఊరు, ఫోను నంబరు అడగండి. చెప్పరు. 'అది మా రూలు కాదు' అంటారు. ఆర్సీ జిరాక్సులో ఊరి పేరు ఉంటుంది. యాభై కిలోమీటర్ల దూరమైనా సరే, బస్సెక్కి పోయి ఆ రైతును కలవండి. మేం ఆ పని చేయలేదు. చేసి ఉంటే మూడున్నర లక్షలు మిగిలేవి.

వేరే రాష్ట్రం బండి అయితే ఇంకో మెట్టు ఎక్కువ. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ రావాలి. అది లేకుండా మన ఆర్టీవో ఆఫీసులో పేరు మారదు. మన జిల్లా సరిహద్దు జిల్లా కాబట్టి బళ్లారి, రాయచూరు బండ్లు యార్డుల్లో చాలానే కనిపిస్తాయి. ధర కాస్త తక్కువగా ఉండేది అందుకే. ఇదివరకు మన రాష్ట్రం బండి అయితే నంబరు చూడగానే ఏ జిల్లాదో చెప్పేవాళ్లం. ఏపీ 21 కర్నూలు, ఏపీ 02 అనంతపురం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే వరుస పెట్టాక ఆ వీలు కూడా పోయింది.

నంబరు చేతికి రాగానే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ఎం పరివాహన్ అనే సర్కారు యాప్‌లో బండి నంబరు కొట్టండి. మీకు రాకపోతే ఇంటర్ చదివే పిల్లవాడిని కొట్టమనండి. రిజిస్ట్రేషన్ ఎప్పుడు అయింది, ఫైనాన్స్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు ఉంది అన్నీ కనబడతాయి. యజమాని పేరులో కొన్ని అక్షరాలే చూపించి మిగతావి చుక్కలు పెడతారు. ఆ అక్షరాలు వాళ్లు చూపించే ఆర్సీతో సరిపోవాలి. తర్వాత చాసిస్ నంబరు. ట్రాక్టరు మీద అది ఎక్కడుంటుందో కంపెనీని బట్టి మారుతుంది, మెకానిక్‌కు తెలుసు. మట్టి తుడిచి, తెల్లకాగితం పెట్టి, పెన్సిలుతో రుద్దండి. నంబరు కాగితం మీదికి దిగుతుంది. అంకెలు వంకరటింకరగా ఉన్నా, చుట్టూ గీకి రంగు వేసినట్టు ఉన్నా, అక్కడితో ఆపేసి ఇంటికి వచ్చేయండి. ఇంజను నంబరు కూడా చూడాలి. ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరు, దాని ఆర్సీ వేరు. ట్రాక్టరుతోపాటు ట్రాలీ ఇస్తున్నామంటే రెండు ఆర్సీలు అడగాలి.

పేరు మారకపోతే వచ్చే ఆపద పోలీసులు పట్టుకుపోవడం ఒక్కటే కాదు. ట్రాక్టరు కింద మనిషి పడితే? బండి అమ్మేసినా ఆర్సీలో ఎవరి పేరు మిగిలి ఉంటే నష్టపరిహారం బాధ్యత అతని మీదే పడుతుందని 2018లో ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే ట్రాక్టరు పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్న రైతు మీదికి కూడా కేసు పోవచ్చు. కొన్న రైతుకు బండి బోల్తా పడి పాడైతే ఇన్సూరెన్స్ రాదు, ఎందుకంటే పాలసీ అతని పేరు మీద లేదు. ఇద్దరూ రైతులే. మధ్యలో వేలం వేసినవారు మాత్రం రసీదు చించి ఇచ్చి పక్కకు తప్పుకుంటారు.

యార్డులో నాటకాలు

వేలం పాట అంటే మనకు చెరువు చేపల పాట, దేవుడి మాన్యం పాట గుర్తొస్తాయి. ఊరి చావిడి దగ్గర అందరి ముందర జరిగేవి. సర్కారు పాట ఎంతో చెబుతారు, ధరావత్తు కడతారు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటారు. యార్డు పాట అట్లా ఉండదు. పది పన్నెండు మంది పాత ముఖాలు ప్రతిసారీ అక్కడే ఉంటారు. వాళ్లలో వాళ్లకు రింగు ఉంటుంది. ఫలానా బండి ఎవరు పాడాలో ముందే అనుకుని, మిగతావాళ్లు నోరు మెదపరు. తక్కువకు పాడుకుని, తర్వాత హోటల్లో కూర్చుని తమలో తాము మళ్లీ పాట పెట్టుకుని తేడా డబ్బు పంచుకుంటారు. బయటి రైతు వచ్చి చెయ్యెత్తాడా, ఆ రోజు వాళ్ల పని వేరే. ఇద్దరు కావాలని ధర పెంచుకుంటూ పోయి, వీడు వదలడని తెలిశాక సరైన చోట ఆగిపోతారు. ఇంకొకడు భుజం మీద చెయ్యేసి 'అన్నా, నీకు నేను ఇప్పిస్తా, పది వేలిస్తే వీళ్లను ఆపుతా' అంటాడు. మా బావమరిది పది వేలు ఇచ్చింది ఇట్లాంటి వాడికే.

దీనికి మందు ఒకటే ఉంది. ఇంటి దగ్గరే లెక్క వేసుకుని, ఇంతకు మించి పాడను అని కాగితం మీద రాసి, వెంట వచ్చే మనిషి జేబులో పెట్టండి. ఆ మనిషి మీకంటే మొండివాడై ఉండాలి. మా చెల్లెమ్మ వచ్చి ఉంటే 2 లక్షల 40 వేల దగ్గరే చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది. యార్డుకు ఆడవాళ్లు ఎందుకని మేమే వద్దన్నాం.

మెకానిక్‌ను తీసుకుపోవడం దండగ ఖర్చు అనుకోవద్దు. అతని రోజు కూలి, బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం కలిపినా వెయ్యి పదిహేను వందలు దాటదు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే నూనె పాలమాదిరి తెల్లగా ఉందంటే లోపల నీళ్లు కలిశాయని అర్థం. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతుంటే పిస్టన్లు, రింగులు అయిపోయినట్టు. వెనక గొర్రో కల్టివేటరో తగిలించి లిఫ్టు ఎత్తి, కాసేపు చూడాలి. ఎత్తింది ఎత్తినట్టు నిలవాలి. మెల్లగా కిందికి దిగుతుంటే హైడ్రాలిక్ ఖర్చు కాచుకుని ఉందన్నమాట. మీటరులో చూపించే గంటలను నమ్మొద్దు. బ్రేక్, క్లచ్ పెడళ్ల అరుగుదల చూస్తే అది ఎంత తిరిగిందో తెలుస్తుంది. 'బ్యాటరీ డౌన్ అయింది, స్టార్ట్ కాదు' అంటారు. స్టార్ట్ చేసి చూపించని ట్రాక్టరును ఇనుము రేటుకే లెక్క కట్టాలని మా ఊరి మెకానిక్ మాట. అది నాకు సబబుగానే తోచింది.

యార్డు షరతుల్లో 'ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు' అని ఒక మాట ఉంటుంది. పాట అయ్యాక ఏ లోపం బయటపడినా తమకు సంబంధం లేదని దాని అర్థం. సరే, ఒప్పుకున్నాం. మరి పాట నాడు ఉన్నది డెలివరీ నాడు ఉండదేం? ఈ మధ్యలో వారమో పది రోజులో గడుస్తుంది. కొత్త బ్యాటరీ పోయి పాత బ్యాటరీ వస్తుంది. టాప్ లింకు మాయమవుతుంది. ముందు టైర్లు అరిగినవి అయిపోతాయి. అందుకని పాట ముగియగానే సెల్‌ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. టైరు మీద నంబరు, బ్యాటరీ మీద నంబరు కనబడేట్టు తీయండి. తీసేటప్పుడు యార్డు మనిషి చూసేలా తీయండి. చాలావరకు అంతటితోనే ఆగుతుంది.

డబ్బు విషయానికి వస్తే, ఒక్క రూపాయి కూడా నగదుగా ఇవ్వొద్దు. కంపెనీ పేరు మీద ఉన్న ఖాతాకు బ్యాంకు నుంచే పంపాలి, లేదా డీడీ తీయాలి. మేనేజరు సొంత నంబరుకు ఫోన్లో కొట్టమంటే అది మేనేజరు సొంత వ్యాపారం. పాట ధరకు పైన జీఎస్టీ ఎంత, యార్డు చార్జీ ఎంత, రోజుకు నిలుపుదల అద్దె ఎంత అన్నది చెయ్యెత్తక ముందే అడిగి రాసుకోవాలి. మేం పాడాక అడిగాం.

ట్రాక్టరు సంగతి ఇట్లా ఉంటే, కూరగాయలు తోలుకోవడానికి చిన్న లారీ, గూడ్స్ ఆటో వేలంలో కొనేవాళ్లు ఇంకొక జాగ్రత్త పడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు నీళ్లలో మునిగాయి. అంతకుముందు 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లోనూ అంతే. ఇన్సూరెన్స్ కంపెనీలు నష్టం చెల్లించి తీసుకున్న బండ్లు వేలాల ద్వారానే చేతులు మారతాయి. కడిగి రంగు వేస్తే కొత్తదానిలా ఉంటుంది. సీటు కింద పట్టా ఎత్తండి, లైట్ల లోపల చూడండి, వైర్ల కట్టల మధ్య వేలు పెట్టండి. ఒండ్రు మట్టి ఎంత కడిగినా ఎక్కడో ఒకచోట మిగులుతుంది. ఆ వాసన రైతుకు చెప్పక్కర్లేదు.

ఫోన్లో వచ్చే వేలం

పత్తికొండ వైపు టమాటా రైతు ఒకరు ఈ మధ్య నా దగ్గరికి వచ్చారు. ఫోన్లో గూడ్స్ ఆటో ఫొటో, ధర లక్షా 10 వేలు. అమ్మేది మిలిటరీ ఆయనట, బదిలీ అయి పోతున్నాడట, గుర్తింపు కార్డు కూడా పంపాడు. రవాణా ఖర్చు 5,100 పంపమన్నాడు. పంపారు. తర్వాత గేటు పాసు అన్నాడు, తర్వాత పన్ను అన్నాడు, అవన్నీ తిరిగి వస్తాయన్నాడు. మొత్తం 38 వేలు పోయింది. ఆటో లేదు, మిలిటరీ ఆయనా లేడు. ఇదే పద్ధతిలో 'సీజ్ చేసిన ట్రాక్టర్లు లక్షకే, ఈ రోజే ఆఖరు, ధరావత్తు పంపండి' అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. పేరున్న బ్యాంకు బొమ్మ పైన వేసి ఉంటుంది. ఆ బ్యాంకు మీ ఊళ్లోనో మండలంలోనో ఉంటుంది కదా, పోయి ఆ కాగితం చూపించి అడగండి. కంటితో చూడని బండికి, కాలు పెట్టని యార్డుకు డబ్బు పంపే పనే పెట్టుకోవద్దు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. పిన్ కొట్టమన్నారంటే మన ఖాతాలోంచి పోతున్నదనే అర్థం. పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి ఫోన్ చేయాలి. ఆ రైతు పరువు పోతుందని మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడు రోజులకు డబ్బు ఎన్ని ఖాతాలు దాటి పోయి ఉంటుందో!

పోలీసు, ఎక్సైజు శాఖలు పట్టుకున్న బండ్లకు వేసే వేలంలో కాగితం కొంత గట్టిగా ఉంటుంది. వేలం అధికారి సంతకంతో అమ్మకం ధ్రువపత్రం, వేలానికి అనుమతిచ్చిన ఉత్తర్వు నకలు తీసుకుని, బండి చేతికి వచ్చిన 30 రోజుల్లో ఫారం 32 మీద ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. కాకపోతే ఆ బండ్లు స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినవి. కొన్నింటిలోంచి వేప మొక్కలు మొలిచి ఉంటాయి.

ఇంతా చెప్పి ఒక మాట అడక్కపోతే తప్పవుతుంది. మూడెకరాల రైతుకు ట్రాక్టరు కావాలా? బాడుగకు దొరక్క అదను పోతున్న మాట నిజమే. కానీ అప్పు తెచ్చి కొన్నాక నాలుగూళ్లు తిరిగి బాడుగకు తోలితే తప్ప వడ్డీ కూడా రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 45 హార్స్ పవర్ ట్రాక్టరు మీద సుమారు 45 వేలు తగ్గుతుందని కేంద్ర వ్యవసాయ మంత్రి అప్పట్లో చెప్పారు. టైర్లు, విడిభాగాల మీద కూడా పన్ను తగ్గింది. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధరా తగ్గాలి. యార్డుల్లో మాత్రం పాత రేటే చెబుతున్నారు. పాడేముందు షోరూంలో రేటు అడిగి పోండి. నలుగురైదుగురు రైతులు కలిసి కొత్తది ఒకటి కొనుక్కోవడం కుదురుతుందేమో కూడా చూడండి. మన ఊళ్లలో కలిసి కొన్నవి ఎన్నాళ్లు కలిసి ఉంటాయో నాకూ తెలుసు. అయినా కోర్టు వాయిదాలకు తిరగడం కంటే అదే నయం.

అధికారులు కళ్లు తెరవాలి

రైతు జాగ్రత్తగా ఉండాలని చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. వసూళ్లకు రౌడీలను పంపకూడదని 2007లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ కూడా చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. ఫోనే చేయకూడని వేళలో చేలోంచి ట్రాక్టరు ఎట్లా తోలుకుపోతున్నారు? పాత బండ్లు అమ్మే డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన వచ్చింది. జిల్లాలో ఎన్ని యార్డులకు, ఎందరు బ్రోకర్లకు అట్లాంటి పత్రం ఉందో రవాణా శాఖవారు ఒక్కసారి తిరిగి చూడాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఫైనాన్స్ వాళ్ల పేరు మీద కొత్త ఆర్సీ అయినా, యజమాని సంతకంతో ఫారం 35 అయినా చేతిలో లేని ట్రాక్టరును వేలంలో నిలబెట్టనివ్వకూడదు. వేలం షరతులు తెలుగులో రాసి యార్డు గేటుకు కట్టాలి. వేలం తేదీ, బండ్ల నంబర్లు వారం ముందే రైతు సేవా కేంద్రం బోర్డు మీద పెట్టాలి. అప్పుడు కొనేవాడికి ఆరా తీయడానికి సమయం దొరుకుతుంది. పోగొట్టుకున్నవాడికి తన ట్రాక్టరు ఎక్కడుందో, ఎంతకు పోయిందో తెలుస్తుంది. అమ్మిన ధరలో అప్పు పోగా మిగిలితే అది ఆ రైతుదే కదా. ఆ లెక్క అతనికి చెప్పినవారిని నేనింతవరకు చూడలేదు.

మొన్న వాయిదాకు బావమరిదితోపాటు నేనూ పోయాను. కోర్టు వరండాలో అసలు యజమాని కనిపించాడు. సింధనూరు దగ్గర క్యాంపులో ఉంటాడు. ఆయన తాతల కాలంలో కోస్తా నుంచి తుంగభద్ర కాలువ కిందికి వలస వచ్చిన కుటుంబం. నాలుగెకరాల వరి. ఆ ఏడు వడ్ల డబ్బు ఆలస్యమై రెండు కంతులు తప్పాయట. మా వాడు మాట్లాడలేక తల వంచుకుని నిలబడ్డాడు. ఆయనే దగ్గరికి వచ్చి 'మీరేం చేస్తారండీ, మీకూ తెలియదు కదా' అని టీ తాగుదాం రమ్మన్నాడు. ముగ్గురం స్టేషన్ ఎదురుగా ఉన్న బండి దగ్గర టీ తాగాం. ట్రాక్టరు అక్కడి నుంచి కనబడుతూనే ఉంది, గోడ పక్కన, వెనక టైర్లలో గాలి లేకుండా. మా వాడు దానికి వేయించిన కొత్త క్లచ్ ప్లేటు సంగతి చెప్పాడు. ఆయన హైడ్రాలిక్ పంపు సంగతి చెప్పాడు, అది తన దగ్గర ఉన్నప్పటి నుంచే ఇబ్బంది పెట్టేదట. ఫైనాన్స్ వాళ్ల వకీలు ఆ రోజు కూడా రాలేదు. వాయిదా మళ్లీ నెలన్నరకు వేశారు.